సుగుణమ్మ గారి ఉప్పునీటి నాచు

ఇవాళ పొద్దున మా ఇంట్లో దేవుడి దగ్గర దీపం కొడిగట్టింది. నూనె అయిపోయి వత్తి కాలుతున్న వాసన వసారాలో పేపరు చదువుకుంటున్న నా దాకా వచ్చింది. "కాస్త లేచి నూనె పొయ్యండి, దూది మాడుతోంది" అని మా ఆవిడ వంటింట్లోంచి కేకేసింది. లేచి వెళ్ళాను గాని, నూనె గిన్నె చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆవిడే వచ్చి నా చేతిలోంచి గిన్నె తీసుకుంది. "దీపం ముందు నిలబడి ఏ లోకానికి వెళ్ళారు?" అంది. బందరు వెళ్ళానని చెప్పలేదు.

మాడిన దూది వాసన నాకు బందరులో మేం పనిచేసిన కాలేజీ బాటనీ ల్యాబు వాసన. గాజు గొట్టాలలో పెంచే సూక్ష్మజీవుల్ని పాత గొట్టం నుంచి కొత్త గొట్టంలోకి మార్చేటప్పుడు, మూతికి బిగించిన దూది బిరడాను స్పిరిట్ దీపం మంటకు ఒకసారి చూపించి తీయాలి. చెయ్యి క్షణం ఆలస్యమైతే దూది అంటుకుంటుంది. నాకు మొదటి ఏడాదంతా అంటుకుంటూనే ఉండేది. "సూర్యం గారూ, దీపావళి ఇంకా రాలేదండీ" అనేవారు సుగుణమ్మ గారు, పక్క బల్ల దగ్గర మైక్రోస్కోపులోంచి కన్ను తీయకుండానే.

ఆమె గురించి రాయాలని చాలాసార్లు అనుకున్నాను. ఇంటర్మీడియట్ చదివే రోజుల నుంచి నాకు డైరీ రాసే అలవాటు ఉంది. ఆ డైరీలన్నీ వరస తప్పకుండా ఇనప్పెట్టెలో ఉన్నాయి, కాబట్టి వివరాలకు కొరత లేదు. రాయడం మొదలుపెడితే ఆమెకు నేను చేసిన అన్యాయం కూడా రాయవలసి వస్తుంది. అందుకని ఇన్నేళ్ళూ వాయిదా వేశాను. ఎనభై దాటాయి. ఇంక వాయిదా వేయడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు.

సుగుణమ్మ గారిది గుడివాడ. పెళ్ళి చేసుకోలేదు. ముసలి తల్లితో ఉండేవారు. రోజూ ఉదయం రైల్లో బందరు వచ్చి, సాయంత్రం రైల్లో వెళ్ళేవారు. చేతిలో నల్ల గొడుగు, భుజానికి గుడ్డసంచి. ఆ సంచిలో టిఫిను డబ్బాతో పాటు ఎప్పుడూ రెండు ఖాళీ సీసాలు ఉండేవి, దారిలో ఎక్కడ ఏ నీటిగుంట కనిపిస్తుందో తెలియదు గనక. నేను బియ్యెస్సీ పూర్తిచేసి, అదే శాఖలో డిమాన్‌స్ట్రేటరుగా చేరేనాటికి ఆమెకు నలభై అయిదేళ్ళు ఉంటాయి. విద్యార్థులు ఆమెను చాటున నాచు మేడం అనేవాళ్ళు. ఆ సంగతి ఆమెకు తెలుసు. "పాకుడు మేడం అనలేదు, అదే గొప్ప" అని నవ్వేవారు.

నాచు అంటే పట్టువిడవనంత ఇష్టం ఆమెకు. వరిచేలో నిలిచిన నీటి మీద నీలం కలిసిన ముదురాకుపచ్చ రంగులో జిగురుగా కనిపించే ఒక రకం నాచు ఉంటుంది. గాలిలో ఉన్న నత్రజనిని పట్టి నేలకు ఎరువుగా ఇవ్వగల శక్తి దానికుంది. అయితే ఉప్పు తేలిన నేలలో అది బతకదు. దివిసీమలో సముద్రపు పోటు తగిలే పొలాల్లో ఎరువు వేసినా పైరు గిడసబారిపోతుంది. ఉప్పును తట్టుకునే నాచు ఏదైనా ఎక్కడో ఒకచోట ఉండకపోదని ఆమె నమ్మకం. అయిదారేళ్ళుగా సెలవు దొరికితే చాలు, దివిసీమలో చేలగట్ల వెంట తిరిగేవారు.

ఒక కార్తీకమాసంలో నన్నూ వెంటబెట్టుకుని వెళ్ళారు. అవనిగడ్డలో బస్సు మారి నాగాయలంకలో దిగి, అక్కడి నుంచి రెండు గంటలు నడిచాం. కోటయ్య గారనే రైతు పొలం అది. నాలుగెకరాల్లో మూడెకరాలు తెల్లగా ఉప్పు పూసి ఉంది. నాటిన వరి అక్కడక్కడ గడ్డిపరకల్లా నిలబడి ఉంది. ఒక్క మూల మాత్రం, మంచం పట్టేంత మేర, పైరు మోకాలెత్తు పెరిగి నల్లగా నిగనిగలాడుతోంది. సుగుణమ్మ గారు చెప్పులు గట్టు మీద వదిలి, చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని ఆ మూలకు దిగిపోయారు. వంగి వేలితో మట్టి మీది పొరను గీకి వాసన చూశారు. కోటయ్య గారు తలగుడ్డ విప్పి మొహం తుడుచుకుంటూ నా వంక చూశాడు.

"బురద కోసం బందరు నించి బస్సెక్కొచ్చారా అమ్మా? మీ ఊళ్ళో బురద లేదా?" అన్నాడు.

"ఉందండీ. మా బురద సోమరిది. మీ బురద పని చేస్తోంది" అన్నారావిడ తలెత్తకుండా. "ఈ మూల మీరు ఏమన్నా వేశారా? పెంట గాని, కట్టె బూడిద గాని?"

"ఏవీ వెయ్యలేదమ్మా. దానంతటదే పచ్చగా ఉంది. మా అమ్మోరి దయని ఊరుకున్నా."

"అమ్మవారి దయే. దాన్ని సీసాలో పట్టుకుని వెళ్తాను, మీకు అభ్యంతరం లేకపోతే."

కోటయ్య గారు పెద్దగా నవ్వాడు. ఈలోగా ఆయన భార్య, ఎక్కడో మైలు దూరం నుంచి తెచ్చిన మంచినీళ్ళు ఇత్తడి చెంబుతో ఇచ్చింది. ఆ పక్క బావులన్నీ ఉప్పే. ఇంటికి వచ్చినవాళ్ళకు ఉప్పునీళ్ళు ఇస్తే అంతకంటే చిన్నతనం లేదు వాళ్ళకు. సుగుణమ్మ గారు చెంబు ఎత్తి గటగటా తాగి, పొలం పక్క గుంటలోంచి ఉప్పునీళ్ళు రెండు పెద్ద సీసాల నిండా నింపించారు. "మాకు మంచినీళ్ళు. మన చుట్టానికి ఉప్పునీళ్ళు" అన్నారు నాతో, మట్టి సీసాను సంచిలో పెడుతూ.

ఆ మట్టిలోంచి నాచును వేరు చేయడానికి నాలుగు నెలలు పట్టింది. సన్నటి తీగ కొసతో ఒక పోగును ఎత్తి, అగర్ అనే జిగురు పోసి వాలుగా గడ్డకట్టించిన కొత్త గొట్టంలో గీయడం, అది పెరిగాక మళ్ళీ అందులోంచి ఒక పోగు. మామూలు మంచినీటి నాచు ఒకటి దాని వెన్నంటే వస్తుండేది. రెండూ చూపుకు దాదాపు ఒకటే. ఎన్నిసార్లు వేరు చేసినా ఏదో ఒక పోగు మిగిలి ఉంటుందని ఆమెకు అనుమానం ఉండేది. అందుకే ఒక నియమం పెట్టారు. ఈ నాచుకు మేతగా వేసే లవణాలు కలిపే నీళ్ళు కోటయ్య గారి గుంట నీళ్ళే అయి ఉండాలి. "ఆ ఉప్పులో రెండోది నోరెత్తలేదు. మన చుట్టం ఒక్కటే బతుకుతుంది. నీళ్ళు అయిపోతే మళ్ళీ వెళ్ళి తెచ్చుకుందాం. సరేనా?" అన్నారు. సరేనన్నాను. నా రిజిస్టరులో రాసుకున్నాను కూడా.

మరుసటి ఏడాది కోటయ్య గారి పొలం మట్టి తెప్పించి రెండు రేకు ట్రేలలో వరినారు పోశారు. ఒకదానిలో నాచు కలిపారు, ఒకదానిలో లేదు. నాచు లేని ట్రేలో నారు పదిహేను రోజుల్లో పసుపు తిరిగి వాలిపోయింది. రెండోది నిలబడింది. ఒకసారి చూసి ఆమె నమ్మలేదు. మళ్ళీ పోశారు. మళ్ళీ నిలబడింది. ఆ రోజు ఆమె ట్రే ముందు స్టూలు వేసుకుని చాలాసేపు కూర్చున్నారు. సాయంత్రం రైలు తప్పిపోయింది.

అప్పుడే ఢిల్లీలోని కల్చర్ కలెక్షనుకు ఉత్తరం రాశారు. దేశంలో ఎవరు కనిపెట్టిన సూక్ష్మజీవినైనా తీసుకుని, నంబరు ఇచ్చి, కాలం తప్పకుండా కొత్త గొట్టాల్లోకి మారుస్తూ బతికించి ఉంచే చోటు అది. అడిగినవారికి ఒక గొట్టం పంపుతారు.

"అక్కడ జమచేస్తే మనకేమొస్తుందండీ?" అని అడిగాను.

"మనకేమీ రాదు. దానికి ఒక ఇల్లు వస్తుంది. ఇక్కడ చూడండి, కిటికీ రెక్క ఊడితే ఎండిపోతుంది, మీకు జ్వరమొస్తే ఎండిపోతుంది. నేను ఉన్నా లేకపోయినా ఉప్పునేల ఉన్న రైతు ఎవరైనా అడిగితే దొరకాలి కదా. ముందు కోటయ్య గారికి. ఆయనకు మాటిచ్చాను."

ఆమె జీవితంలో ప్రచురించిన పరిశోధన అంటూ ఏమీ లేదు. పెద్ద డిగ్రీ లేదు. ఈ ఒక్క నాచు ఉంది.

తర్వాతి ఏడాది మార్చి నెలాఖరులో ఆమె తల్లికి పక్షవాతం వచ్చింది. సుగుణమ్మ గారు సెలవు పెట్టి గుడివాడలో ఉండిపోయారు. వెళ్ళేముందు గొట్టాల స్టాండు నా బల్ల మీద పెట్టి, "మూడు వారాలకోసారి మార్చండి. మిగతాది మీకు తెలుసు. ఇంట్లో కూడా ఒక వరస ఉంది, అది నేను చూసుకుంటాను" అన్నారు.

మొదటి మార్పిడికి గుంట నీళ్ళు సరిపోయాయి. రెండోదానికి సీసా అడుగున గరిటెడు మిగిలాయి. దివిసీమ వెళ్ళి తేవాలి. రాను పోను ఒక రోజు పూర్తిగా పడుతుంది. ఏప్రిల్ ఎండ. మా ఆవిడకు ఏడో నెల. అవన్నీ కారణాలే, కాని అసలు కారణం అవేవీ కాదు. ఒక్క రోజు వెళ్ళి రాగలిగేవాణ్ణే. నాకు మనసులో ఎప్పటినుంచో ఒక మాట ఉండేది: పాపం, ఈ ఉప్పులో అది ఈసురోమంటూ పెరుగుతోంది. గొట్టంలో ఎప్పుడు చూసినా పలచగా, సన్నటి పూతలా ఉండేది. బందరులో పుట్టి పెరిగినవాణ్ణి. కుళాయి వచ్చే వేళకు బిందెలు పట్టుకుని పరుగెత్తిన ఇంట్లో పెరిగాను. మా నాయనమ్మ తులసికోటలో కూడా బావినీళ్ళు పోయనిచ్చేది కాదు, ఉప్పునీళ్ళు పోస్తే మొక్క ఉసురు తగులుతుందని. బియ్యెస్సీ చదివిన నా బుర్రలో ఆ నాయనమ్మే కూర్చుని ఉంది. కుళాయి నీళ్ళతో మేత కలిపాను. ఆ రోజు డైరీలో ఉంది: "నీరు లేదు. కుళాయి నీటితో చేశాను. ఈసారికి."

మూడు వారాల తర్వాత గొట్టాలు చూసి నాకు ఆనందం పట్టలేదు. ఎన్నడూ లేనంత దట్టంగా, మఖమల్ గుడ్డలా పెరిగింది. ఈసారికి అనుకున్నది వచ్చేసారికీ, ఆ తర్వాతసారికీ సాగింది. ల్యాబులో నాకు మరీ పద్ధతి ఎక్కువ. సెలవుల్లో తీరిక దొరికిందని కింద సొరుగులో ఆమె పోగేసి ఉంచిన పాత ఎండు గొట్టాలన్నీ తీసి, ఉడకబెట్టి, కడిగి, వరసగా బోర్లించాను. ఆ పని గురించి కూడా డైరీలో గర్వంగా రాసుకున్నాను.

జూలైలో ఆమె తిరిగి వచ్చారు. తల్లి పోయారు. మనిషి సగమయ్యారు. "ఇంట్లో వరస పోయిందండీ. అమ్మ పోయాక ఇల్లు కడిగినవాళ్ళు, కిటికీలో ఏవో పాచిపట్టిన సీసాలని పారబోశారట" అన్నారు. తర్వాత నా బల్ల మీద స్టాండు చూశారు. ఒక గొట్టం తీసి వెలుతురుకు ఎత్తి పట్టుకున్నారు. ఆమె కళ్ళు నిండాయి. "ఎంత బాగా పెంచారు సూర్యం గారూ! నా చేతిలో ఎప్పుడూ ఇలా పెరగలేదు. మీ చేతిలో ఏదో ఉంది."

నీళ్ళ సంగతి చెప్పాలనే ఉన్నాను. అప్పటికి అది నాకు తప్పులా కూడా అనిపించలేదు, ఒక చిన్న కిటుకులా అనిపించింది. ఆ పొగడ్త విన్నాక చెప్పబుద్ధి కాలేదు. రేపు చెబుదామనుకున్నాను.

"పంపేముందు ఇంకోసారి ఉప్పుమట్టి ట్రేలో చూద్దామంటారా?" అని అడిగారు.

"కిందటేడు రెండుసార్లు చూశాం కదండీ. ఢిల్లీ వాళ్ళు ఈ నెలలోపు పంపమన్నారు" అన్నాను. ఆ మాట ఎందుకన్నానో నాకు తెలుసు. ట్రేలో ఏమవుతుందోనన్న అనుమానం అప్పుడే మొదటిసారి కలిగింది.

నా దస్తూరి బాగుంటుందని ఫారం నన్నే నింపమన్నారు. సేకరించిన చోటు, తేదీ, పెంచే పద్ధతి. ఆమె చెబుతుంటే రాశాను. "మేతకు వాడిన నీరు: సేకరించిన పొలంలోని ఉప్పునీరు, మొదటి నుంచి నేటి వరకు." ఆ వాక్యం రాస్తున్నప్పుడు కలం ఆగలేదు. నా దస్తూరిలో అది చాలా అందంగా ఉంది. కింద ఆమె పేరు రాశాక, "పోషించినవారు అని మీ పేరు కూడా రాయండి. రాయండి, సిగ్గెందుకు?" అన్నారు. రాశాను. చిలకలపూడిలో గిల్టు నగలు సర్దే చిన్న చెక్కపెట్టె ఒకటి సంపాదించి, దూదిలో ఆరు గొట్టాలు పొదిగి, పోస్టాఫీసుకు ఇద్దరం వెళ్ళి ఇచ్చి వచ్చాం. దారిలో ఆమె నాకు సోడా ఇప్పించారు.

ఆగస్టులో గుంట నీళ్ళు తెప్పించి ఆమె స్వయంగా మార్పిడి చేశారు. గొట్టాలు పాలిపోయాయి. "వానాకాలం కదా, వెలుతురు చాలడం లేదు" అనుకున్నారు. సెప్టెంబరులో అవి తెల్లబడిపోయాయి. నాకు అప్పటికి అంతా అర్థమైంది. మంచినీళ్ళు తగిలేసరికి, వెన్నంటి ఉన్న ఆ మామూలు నాచు విజృంభించి అసలుదాన్ని కప్పేసింది. నేను మురిసిపోయిన మఖమల్ అంతా అదే. "కింద సొరుగులో పాత ఎండు గొట్టాలుండాలి. తడిపితే మళ్ళీ లేస్తుంది, ఇది గట్టి పిండం" అని సొరుగు లాగారు. కడిగి బోర్లించిన గొట్టాలు మెరిశాయి. "నేనే కడిగానండీ, శుభ్రంగా ఉంటుందని" అన్నాను. ఆ తప్పు ఒప్పుకోవడం సులువైంది, కళ్ళెదుట కనిపిస్తోంది గనక. "అయ్యో" అన్నారు, అంతే.

అక్టోబరులో ఢిల్లీ నుంచి ఉత్తరం వచ్చింది. చాలా మర్యాదగా ఉంది. మీరు పంపినది అందింది, ఆరోగ్యంగా పెరుగుతోంది. అయితే ఇది అన్నిచోట్లా దొరికే మామూలు రకం. మీరు రాసిన ఉప్పుపాళ్ళలో బతకడం లేదు. ఎక్కడైనా పొరపాటు జరిగి ఉంటే తెలియజేయండి, లేదా మరొకసారి పంపండి.

ఆమె రెండుసార్లు చదివి, కాగితం మడిచి, నా వైపు తిరిగారు. "సూర్యం గారూ, మనం ఎక్కడన్నా ఏమన్నా మార్చామా?"

మీరు మార్చారా అనలేదు. మనం అన్నారు. నాకు దారి తెరిచి పెట్టినట్టే అది. ఇప్పుడు తలచుకుంటే, చెప్పి ఉంటే ఆమె ఏమనేవారో కూడా నాకు తెలుసు. ఒక పూట మాట్లాడేవారు కాదు. మర్నాడు గొడుగు తీసుకుని "పదండి, దివిసీమ" అనేవారు.

"లేదండీ" అన్నాను.

ఆమె నమ్మారు. నమ్మకపోవడానికి కారణం లేదు. రోజూ డైరీ రాసే మనిషిని, రిజిస్టరులో గీత వంకర పోనివ్వని మనిషిని.

ఆ వారంలోనే ఇద్దరం కోటయ్య గారి పొలానికి వెళ్ళాం. మళ్ళీ మట్టి తెచ్చుకుంటే సరిపోతుందని దారంతా నాలో నేను మొక్కుకుంటూనే ఉన్నాను. పొలం చేరాక చూస్తే ఆ మూల లేదు. అక్కడ నడుములోతు గొయ్యి ఉంది, అందులో పోటునీళ్ళు. "పోటు రాకుండా కట్ట పోశారమ్మా మొన్న ఎండాకాలం. మట్టికి ఇక్కడే తవ్వారు" అన్నాడు కోటయ్య గారు. "మీరు జూను లోపల వస్తారని చూశా. మీ అమ్మగారి సంగతి తరవాత తెలిసింది. నేను అడ్డం పడి ఉంటే ఆపేవోళ్ళేమో. బురదేగా అనుకున్నా."

ఏప్రిల్ నెలలో నేను నీళ్ళ కోసం ఒక్క రోజు వెళ్ళి ఉంటే, ఆ తవ్వకం కళ్ళారా చూసేవాణ్ణి.

సుగుణమ్మ గారు గట్ల వెంట సాయంత్రం దాకా తిరిగారు. ఎనిమిది చోట్ల మట్టి తీశారు. వాటిలో ఏదీ తర్వాత ఉప్పులో నిలవలేదు. బయలుదేరేముందు కోటయ్య గారి ఎదుట నిలబడి చేతులు జోడించారు. "కోటయ్య గారూ, నేను మీకు చెప్పినది తప్పండీ. ఆ మూల పచ్చదనానికి కారణం వేరే ఏదో అయి ఉంటుంది. నేను తొందరపడి నాచు అన్నాను. మీకు ఆశపెట్టాను. మన్నించండి."

"అదేంటమ్మా, చేతులు జోడిస్తారేంటి!" అని కంగారుపడ్డాడాయన. తలగుడ్డ నలుపుకుంటూ, "ఈ పొలానికి చానామంది వచ్చారు. అది వెయ్యి, ఇది వెయ్యి అని చెప్పిపోయారు. నేను చెప్పింది తప్పని చెప్పడానికి మళ్ళీ వచ్చినోళ్ళు మాత్రం మీరేనమ్మా" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "అదృష్టవంతులండీ, ఇట్టాంటావిడ దగ్గర పని చేస్తున్నారు" అన్నాడు.

నేను ఆమె సంచి పట్టుకుని నిలబడి ఉన్నాను. అక్కడ కూడా చెప్పలేదు.

ఢిల్లీకి ఆమె రాసిన జవాబు కూడా నా దస్తూరిలోనే ఉంది. ఉప్పును తట్టుకుంటుందన్న మాటను వెనక్కి తీసుకుంటున్నాను. పరిశీలనలో లోపం నాదే. ఇది మామూలు రకంగానే మీ దగ్గర ఉంచదలిస్తే ఉంచండి. ఫారం కొత్తగా నింపాం. నా పేరున్న చోట ఆమె వేలు పెట్టి, "ఇది వద్దు. తప్పు చూపు నాది, మధ్యలో మీరెందుకు? మీకు ముందు ముందు ఉద్యోగాలున్నాయి" అన్నారు. నా భవిష్యత్తుకు మచ్చ రాకుండా ఆమె చూసుకున్నారు. నేను చూసుకోనిచ్చాను.

తర్వాత ఆమె దివిసీమ వెళ్ళలేదు. పాఠాలు ఇంతకు ముందుకన్నా శ్రద్ధగా చెప్పేవారు. విద్యార్థి ఎవరైనా మైక్రోస్కోపులో ఏదో కనిపించిందని ఉత్సాహంగా పిలిస్తే, వెళ్ళి చూసి, "ఉండొచ్చు. నా కళ్ళకు నేనే సాక్ష్యం చెప్పలేను" అనేవారు. పిల్లలకు అది చమత్కారంలా ఉండేది. వాళ్ళతో పాటు నేనూ నవ్వవలసి వచ్చేది.

రెండేళ్ళకు నాకు వేరే ఊళ్ళో లెక్చరరు ఉద్యోగం వచ్చింది. ఆమె రిటైరయ్యాక ఒకసారి గుడివాడ వెళ్ళాను, చెప్పి తీరాలనే వెళ్ళాను. వసారాలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు. చూపు మందగించింది. నా పిల్లల పేర్లన్నీ అడిగి తెలుసుకున్నారు. నేను గ్లాసు కింద పెట్టి, "మేడం, మన నాచు సంగతి..." అన్నాను.

"అదా!" అని నవ్వారు. "దాన్ని మీరింకా మోస్తున్నారా? నాకు మంచే చేసిందండీ అది. కావాలనుకున్నదే మన కంటికి కనిపిస్తుందని తెలిసొచ్చింది. పోనీ, అది తెలియడానికి అంత వయసొచ్చిందేమిటా అని అప్పుడప్పుడు అనిపిస్తుంది." మళ్ళీ తనే, "ఆ ట్రేలో నారు మాత్రం భలే నిలబడిందండీ. ఎలా నిలబడిందో ఇప్పటికీ నాకు అంతుబట్టదు" అన్నారు.

ఆమె దుఃఖానికి ఆమే ఒక అర్థం చెప్పుకుని, దానితో సమాధానపడి కూర్చుని ఉన్నారు. ఇప్పుడు నిజం చెబితే ఆ కాస్త శాంతీ పోతుందని నాకు నేను చెప్పుకున్నాను. అది దయ కాదు. పిరికితనానికి దయ అని పేరు పెట్టుకుని రైలెక్కాను. మరుసటి ఏడాది ఆమె పోయారు. గుడివాడ సమాధుల తోటలో తల్లి పక్కనే ఉన్నారు. తాను చూసినది నిజమేనని తెలియకుండానే వెళ్ళిపోయారు.

నేను రిటైరైన నెలలో ఢిల్లీకి ఉత్తరం రాశాను. డైరీలో కుళాయి నీళ్ళు వాడిన ఆ మూడు రోజుల పుటలను ఉన్నవున్నట్టు ఎత్తి రాసి, నీళ్ళు మార్చినది నేను, ఆమెకు తెలియదు, ఆమె పరిశీలనలో ఏ లోపమూ లేదు, దయచేసి మీ రికార్డులో సరిచేయండి అని. నెల తిరగకుండా జవాబు వచ్చింది. ఆమె పేరు మీద ఉన్న ఆ మామూలు నాచు ఇంకా బతికే ఉందట. ఇన్నేళ్ళుగా ఎవరెవరో దాన్ని తప్పకుండా మారుస్తూ వచ్చారట. నా ఉత్తరం నకలును రికార్డుకు జతచేశామన్నారు. చివర ఒక వాక్యం: "మీరు వర్ణించిన అసలు రకం ఏ రూపంలోనైనా, ఎండినది అయినా, మీ వద్ద ఉంటే మాకు పంపగలరా? ఇప్పుడు దాని అవసరం చాలా ఉంది." లేదని ఆ ఉత్తరానికి జవాబు రాయడానికి నాకు వారం పట్టింది.

అందుకని ఏడాదికొకసారి, మోకాళ్ళు సహకరించిన ఏడాది, దివిసీమ వెళ్తున్నాను. నాగాయలంక అవతల చాలా పొలాలు ఇప్పుడు రొయ్యల చెరువులు. మిగిలిన చేలలో ఉప్పు పూసిన చోట ఎక్కడన్నా ఒక మూల పచ్చగా కనిపిస్తే ఆటో ఆపించి దిగుతాను. గట్టు మీద కూర్చుని గోటితో మట్టి పొర గీకి వాసన చూస్తాను. కిందటి ఏడాది ఒక రైతు మోటారుసైకిలు ఆపి, "ఏం పోగొట్టుకున్నారు పెద్దాయనా?" అని అడిగాడు.

కూర్చోమని చెప్పాను. "సుగుణమ్మ గారని ఒక మేడం ఉండేవారండీ. మీ ఉప్పునేలకు పనికొచ్చే నాచు ఒకటి ఆవిడ కనిపెట్టారు. దాన్ని నేను చంపాను. తప్పు ఆవిడ నెత్తిన పడితే ఊరుకున్నాను" అన్నాను. మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. అతను మధ్యలో లేవకుండా అంతా విన్నాడు. విని, ఫోను చూసుకుని, "అట్టాంటి పచ్చమూల మా బావ చేలో ఒకటుంది, పడమటి పక్క. ఎక్కండి, చూద్దురుగాని" అన్నాడు.

అతని వెనక కూర్చుని వెళ్ళాను. చీకటి పడే దాకా చూశాం. అది కాదనే అనిపించింది. తెచ్చిన మట్టిని మాత్రం గుంటనీళ్ళతోనే తడిపి, మా కిటికీలో ఉంచాను.